ఎఫీ పెర్ల్‌కి సవతి

డ్రమ్ కోవ్ అనే రేవు ఊళ్ళో ఎవరిని కదిపినా ఒకటే మాట చెబుతారు. ఆర్మిండా హార్నర్ మనువాడింది కెప్టెన్ డెల్మస్‌నే గాని, బతుకంతా వేగింది మాత్రం సవతితోనని. ఆ సవతి పేరు ఎఫీ పెర్ల్. వయసులో ఆర్మిండా కంటే చాలా పెద్దది. వెడల్పాటి నడుము, లోతులేని పొట్ట, ఒంటికొయ్య మీద రెండు తెరచాపలు. డెల్మస్ తాత సొంత చేతులతో కట్టిన, తినే ఆల్చిప్పలు పట్టే పడవ అది.

ఆ తీరంలో పడవలకి ఆడవాళ్ళ పేర్లు పెట్టడం రివాజు. అందరూ భార్య పేరో కూతురి పేరో పెట్టుకుంటే, డెల్మస్ తాత వెతికి వెతికి అత్తగారి పేరు పెట్టాడు. ఎందుకని అడిగినవాళ్ళకి, "ఆవిడా ఎటు తిప్పితే అటు తిరగదు, ఇదీ తిరగదు. వేరే పేరు పెడితే అబద్ధమాడినట్టు అవుతుంది" అని చెప్పేవాడట.

పడవకి ఆడదాని పేరు పెట్టడం ఎంత రివాజో, పడవలోకి ఆడదాన్ని ఎక్కనివ్వకపోవడం కూడా అంతే రివాజు. ఆడది ఎక్కితే గాలి పడిపోతుంది. ఆల్చిప్పలు అలిగి బురదలోకి దిగిపోతాయి. పడవకి నీలం రంగు పూసినా అంతే, డెక్కు మూత వెల్లకిలా పెట్టినా అంతే, అక్రోటు పప్పు పడవలోకి తెచ్చినా అంతే. వారం వారం గుడికెళ్ళి, బైబిలు కంఠతా చెప్పే మనుషులే ఇవన్నీ నమ్ముతారు. దేవుడు నేల మీద చూసుకుంటాడు, నీళ్ళ మీద మన జాగ్రత్తలో మనం ఉండాలి అని వాళ్ళ లెక్క.

ఆర్మిండా నేల మీది పిల్ల. పుట్టిల్లు టమాటాలు పండించే ఊరు. ఈ లెక్కలేవీ తెలియక, కాపురానికొచ్చిన మొదటి చలికాలం, పడవవాళ్ళు తినడానికని మనసుపెట్టి ఒక కేకు చేసి పంపింది. అందులో బాగుంటుందని గుప్పెడు అక్రోటు పప్పు వేసింది. నడి సముద్రంలో అందరూ లొట్టలు వేసుకుంటూ తింటున్నారు. అప్పట్లో మీసాలు మొలుస్తున్న కుర్రాడు ఓర్విస్. వాడి పంటి కింద పప్పు తగిలింది. "కెప్టెన్! అక్రోటు!" అని ఒక్క కేక పెట్టాడు. అంతే. నోట్లో ఉన్నది ఉన్నట్టు ఊసేసి, మిగిలిన కేకుని డబ్బాతో సహా నీళ్ళలోకి విసిరేశారు. ఆ డబ్బా ఆర్మిండాకి పెళ్ళిలో తల్లి ఇచ్చినది.

ఆ మధ్యాహ్నం గాలి నిజంగానే పడిపోయింది. ఇంటికొచ్చేసరికి డెల్మస్ ముఖం ఆముదం తాగినట్టుంది.

"ఇంట్లో కూర్చునే ఇంత పని చేశావు. పడవెక్కితే ఇంకేం చేసేదానివో!" అన్నాడు.

ఆర్మిండా ఆ మాట మరిచిపోలేదు. డబ్బా సంగతి అసలే మరిచిపోలేదు.

పడవెక్కనివ్వకపోయినా పడవ చాకిరీ మాత్రం ఆమెదే. చలికాలం తెల్లవారకముందే లేచి పందిమాంసం ముక్కలు పెట్టిన రొట్టెలు మూటకట్టేది. బురద కొట్టుకుపోయిన బట్టలు ఉతికేది. అన్నిటికంటే పెద్ద పని తెరచాప. గాలికి చాప చిరిగితే బాగు చేయడానికి డబ్బిచ్చి పట్నం పంపడం డెల్మస్‌కి నచ్చదు. దాన్ని ఇంటికి మోసుకొచ్చేవాడు. కుర్చీలు, బల్లలు, సోఫా అన్నీ వాకిట్లోకి నడిచేవి. చాప ముందుగదంతా పరుచుకుని, వంటింట్లోకి పోయి, ఇంకా మిగిలితే మెట్లెక్కేది. దాని మీద మోకాళ్ళతో పాకుతూ, అరచేతికి తోలుపట్టా కట్టుకుని, దబ్బనంతో కుట్టేది ఆర్మిండా. వాకిట్లో సోఫా మీద కాళ్ళు చాపుకుని డెల్మస్ పొగాకు నములుతుంటే, దారినపోయేవాళ్ళు "ఏం కెప్టెన్, ఇంట్లోంచి గెంటేసిందా?" అని పలకరించేవాళ్ళు.

ఆ చాపలో ఆమెకి తెలియని కుట్టు లేదు. ఈ అతుకు పెద్దపిల్లకి తట్టు పోసినప్పటిది. ఈ వరస పెద్ద తుపానుకి ముందుది. ఇక్కడ దబ్బనం వేలిలో దిగింది, ఈ మరక అదే. అయితే ఇన్నేళ్ళలో ఆ చాపని ఆమె చూసింది రెండే తీరులుగా. నేల మీద శవంలా పడి ఉన్నప్పుడు, లేదంటే దూరాన నీళ్ళ మీద చేతిరుమాలంత కనబడినప్పుడు. తను కుట్టినది నెత్తి మీద గాలి నింపుకుని నిలబడితే ఎలా ఉంటుందో చూడాలని ఆమె కోరిక. అంతకుమించి ఆమెకి ఆ పడవతో పనిలేదు. ఒక్కసారి ఎక్కాలి, చాప కింద కూర్చోవాలి, తలెత్తి చూడాలి.

ఏడాదికొకసారి అడిగేది. ఏడాదికొక జవాబు వచ్చేది.

"ఈ ఏడు ఆల్చిప్పలే తక్కువ, ఇప్పుడా?"

మరుసటి ఏడు, "ఈ ఏడు ఆల్చిప్పలు బాగా పడుతున్నాయి, ఇప్పుడు పాడుచేసుకుంటామా?"

రేవులో కట్టి ఉన్నప్పుడైనా ఒక కాలు పెడతానందొకసారి. డెల్మస్ చాలాసేపు ఆలోచించాడు. "ఏ కాలు?" అని అడిగాడు. తర్వాత, "వద్దులే, కాలంటూ పెట్టాక మిగతా మనిషి ఎక్కడుంటుంది" అన్నాడు.

కాలం మారింది. ఆల్చిప్పలకి ఏదో తెగులు తగిలి అడుగునే చచ్చిపోయాయి. ఇంజను లేకుండా గాలితోనే ఇనుప పళ్ళ బుట్టలు ఈడ్చి ఆల్చిప్పలు తీసే పడవలు ఒక్కొక్కటే రేవులో కుళ్ళి కూర్చుండిపోయాయి. ఎఫీ పెర్ల్ కూడా ఒక పక్కకి ఒరిగి, కొంగలకి విడిది అయింది. అప్పుడు బాల్టిమోర్ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కాన్‌స్టెన్స్ అనే ఆవిడ పాత పడవలని కాపాడే సంఘం ఒకటి పెట్టింది. చందాలు పోగుచేసి, పుచ్చిన పలకలు మార్పించి, సందుల్లో దూది కూరించి, తెల్లరంగు వేయించి ఎఫీ పెర్ల్‌ని పెళ్ళికూతురిలా నిలబెట్టింది. రేవులో ఒక పలక కూడా పాతారు, ఇది చరిత్ర అని. నిన్నటిదాకా కొంగల రెట్టతో ఉన్నది ఇవాళ చరిత్ర ఎలా అయిందని ఊరు నోరు వెళ్ళబెట్టింది గాని, డెల్మస్‌కి మాత్రం పోయిన ప్రాణం లేచి వచ్చింది. వేసవిలో ప్రతి శనివారం ఊరు చూడవచ్చినవాళ్ళని పడవెక్కించి సముద్రంలో తిప్పే సరంగు ఉద్యోగం ఆయనకే ఇచ్చారు.

మొదటి శనివారం ఆర్మిండా వరండాలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఆమె వరండాకి రేవు ఎదురుగానే ఉంటుంది. చూస్తుండగా పడవలోకి ఒక ఆడమనిషి ఎక్కింది. తర్వాత ఇంకొకావిడ. తర్వాత పొట్టి లాగులు వేసుకున్న ముగ్గురు అక్కచెల్లెళ్ళు, చంకలో కుక్కతో ఒక ముసలావిడ. ఆ కుక్క కూడా ఆడదేనని తర్వాత తెలిసింది. డెల్మస్ ఒక్కొక్కరికీ చెయ్యందించి, టోపీ తీసి మరీ ఎక్కిస్తున్నాడు.

బఠాణీ తొక్కలు గిన్నెలోకి, గింజలు నేల మీదకి పడిపోయాయి.

సాయంత్రం ఆయన ఇంట్లో అడుగుపెట్టాడో లేదో, "ఎంతమంది ఆడవాళ్ళు డెల్మస్?" అంది.

"ఎవరు? వాళ్ళా?" డెల్మస్ బూటు విప్పుకుంటూ నెమ్మదిగా అన్నాడు. "వాళ్ళు ఆడవాళ్ళ లెక్కలోకి రారు."

"మరే లెక్కలోకి వస్తారు?"

"టికెట్ కొన్నారుగా. టికెట్ కొన్నది సరుకు. పూర్వం ఆల్చిప్పలు మోశాం, ఇప్పుడు వీళ్ళని మోస్తున్నాం. సరుకులో ఆడా మగా ఏముంటుంది?"

ఆర్మిండా ఆయన పళ్ళెంలో పీతల వడ ఒకటి తక్కువ వేసింది. అంతే. కానీ ఆ మాటని మాత్రం మనసులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. చిరిగిన చాపని ఎక్కడ పట్టుకుని కుట్టాలో చూసుకున్నట్టు.

సెప్టెంబరు మొదటి సోమవారం ఆ తీరంలో పాత పడవలకి పందెం. మిగిలిన పడవలన్నీ వస్తాయి. ఆ రోజు గెలిచినవాడు ఏడాదంతా అంగట్లో కుర్చీలో కూర్చుని మాట్లాడతాడు, ఓడినవాడు నిలబడి వింటాడు. డెల్మస్‌కి పందెంలో అందరినీ ఓడించాలని లేదు. ఒక్క కెప్టెన్ బర్ల్‌ని ఓడిస్తే చాలు. బర్ల్ పక్క వీధిలో ఉంటాడు. చిన్నప్పటి నుంచి ఇద్దరూ ప్రాణ స్నేహితులు, అందుకని ఒకరి మంచి ఒకరు ఓర్వలేరు.

ఆ ఏడు సంఘంవాళ్ళు పందెం రోజుకి కూడా ముందుగా టికెట్లు అమ్మారు. కాన్‌స్టెన్స్ రేవులో చిన్న బల్ల వేసుకుని కూర్చుంది. వరసలో ముందుకొచ్చిన మనిషిని చూసి కళ్ళజోడు సర్దుకుంది. పెళ్ళైన పెద్దవాళ్ళనీ మిస్ అని పిలవడం అక్కడి మర్యాద.

"మిస్ ఆర్మిండా! మీకు టికెట్ ఎందుకండీ? కెప్టెన్ గారి ఇంటావిడ మీరు. ఊరికే ఎక్కండి."

"వద్దమ్మా. ఊరికే ఎక్కితే భార్యనవుతాను. నాకు టికెట్ కావాలి."

కాన్‌స్టెన్స్‌కి అర్థం కాలేదు. అయినా చించి ఇచ్చింది.

పందెం పొద్దున ఆర్మిండా గుడికి పెట్టుకునే టోపీ పెట్టుకుని, చేతిలో రొట్టెల బుట్టతో సరుకు వరసలో నిలబడింది. డెల్మస్ ఎప్పటిలాగే పడవ అంచున నిలబడి, వాతావరణం వైపు చూస్తూ, ముఖాలు చూడకుండా చేతులందిస్తున్నాడు. "జాగ్రత్తమ్మా... చూసి అడుగెయ్యండి... జాగ్రత్తమ్మా..." ఇంకొక చెయ్యి ఆయన చేతిలో పడింది. ఆ వేలి మీద దబ్బనం మచ్చ తగిలింది. చటుక్కున కిందికి చూశాడు.

"ఏంటిది?" అన్నాడు.

"టికెట్" అంది ఆర్మిండా, చూపిస్తూ.

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"డెల్మస్, నీ సరుకుని నువ్వెప్పుడైనా ఇంటికి రమ్మన్నావా?"

"సరుకు మాట్లాడదు."

"సరే, మాట్లాడను. ఎక్కించు."

వెనక వరసలో జనం "ఏమైందండీ?" అని తొంగిచూస్తున్నారు. పెద్దవాడైపోయిన ఓర్విస్, ఇప్పుడు పడవలో కెప్టెన్ తర్వాతివాడు, తాడు చుడుతున్నట్టు నటిస్తూ రెండు చెవులూ ఇటే వేశాడు. డెల్మస్ ఆకాశం వైపు చూశాడు. ఆకాశం ఏమీ అనలేదు. చివరికి ఆమె చెయ్యి పట్టుకుని పైకి లాగాడు. ఆమె కాలు డెక్కు మీద పడగానే ఓర్విస్ టోపీ తీసి, కళ్ళు మూసుకుని, పెదవులు కదిపాడు.

"బుట్టలో ఏమున్నాయి మిస్ ఆర్మిండా?" అన్నాడు తర్వాత, చాలా మర్యాదగా.

"రొట్టెలు. అక్రోటు లేదు."

"దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి."

పడవలన్నీ గీత దగ్గరికి చేరాయి. గాలి లేనప్పుడు వెనకనుంచి తోసే చిన్న ఇంజను పడవలని పైకెత్తి కట్టేశారు. ఇక గాలే దిక్కు. తుపాకీ పేలింది.

గాలి లేదు.

ఉన్న కాస్తా తుపాకీ చప్పుడుకి బెదిరి పారిపోయినట్టు ఒక్కసారిగా ఆగిపోయింది. చాపలు ఎండేసిన దుప్పట్లలా వేలాడాయి. నీళ్ళు నూనెలా నిలిచిపోయాయి. తొమ్మిది పడవలు పెళ్ళికొచ్చి పెళ్ళికొడుకు రాక కూర్చున్న చుట్టాల్లా ఒకదాని ముఖం ఒకటి చూసుకుంటూ నిలబడ్డాయి. డెల్మస్ పడవ తిప్పే చక్రం పట్టుకుని ఆర్మిండా వైపు చూశాడు. ఆ చూపులో ఇన్నేళ్ళ సాక్ష్యం ఉంది.

"నన్ను చూస్తావేం?" అంది ఆర్మిండా. "తొమ్మిది పడవలకీ గాలి లేదు. నేనెక్కింది ఒక్కదాన్నే."

"నీ శక్తి నీకు తెలియదు" అన్నాడు డెల్మస్.

అరవకుండానే మాట వినబడేంత దగ్గరలో బర్ల్ పడవ ఆగి ఉంది. బర్ల్ చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "ఓయ్ డెల్మస్! ఆ టోపీ ఎవరిది? ఆర్మిండాదేనా?" అని కేకేశాడు. "గాలెటు పోయిందా అని ఇందాకట్నించి వెతుకుతున్నానయ్యా!"

"సరుకు బర్ల్! టికెట్ కొంది!" డెల్మస్ అరిచాడు.

"అంత విలువైన సరుకుని ఇన్నాళ్ళూ ఇంట్లో దాచావా?"

ఆర్మిండా సరుకు కాబట్టి మాట్లాడలేదు. బుట్టలోంచి ఒక రొట్టె తీసి గురిచూసి విసిరింది. బర్ల్ పట్టుకుని, తిని, ఆపైన నోరు మూసుకున్నాడు. ఇటు పడవలో మిగతా సరుకు చప్పట్లు కొట్టింది. ఎండ కాలుస్తోంది. ఒకావిడ గొడుగు తెరిచింది. ఓర్విస్ గాలిని కొనడానికి ఒక నాణెం నీళ్ళలోకి విసిరాడు. ఇంకొకటి విసరబోతే డెల్మస్ వద్దన్నాడు. ఎక్కువిస్తే గాలివాన వస్తుందని.

ఆర్మిండా అప్పుడే గమనించింది. ఇన్నేళ్ళుగా మగవాళ్ళు పడవలో చచ్చేంత పని చేస్తారనుకుంది. చలికాలం చేశారేమో. ఇప్పుడైతే ఒకడు తాడు మీద కూర్చుని గోళ్ళు కొరుకుతున్నాడు, ఒకడు రొట్టెలు ఎన్ని మిగిలాయో లెక్కపెడుతున్నాడు, కెప్టెన్ నిలబడి నిట్టూరుస్తున్నాడు. ఈ మాత్రం దానికా నన్ను రానివ్వంది, ఇంట్లో గుడి సంఘం ఆడవాళ్ళం కూర్చునేదీ ఇలాగే కదా, అనుకుంది.

అప్పుడు నీళ్ళ మీద చిన్న ముడత కనబడింది. దక్షిణం నుంచి పిల్లి నడకలా ఒక గాలి వచ్చింది. పెద్ద చాప ఒకసారి దగ్గింది, వణికింది, నింపాదిగా పొట్ట పెంచింది. పడవ చెక్కలన్నీ ఒక్కసారి మూలిగాయి.

ఆర్మిండా తలెత్తింది.

ఆమె కుట్లన్నీ నెత్తి మీద నిలబడ్డాయి. తట్టు పోసినప్పటి అతుకు, తుపాను వరస, ఎండలో నీడలా కనబడే వేలి మరక. గదుల్లోకి, మెట్ల మీదకి మడతలు పడి పాకిన గుడ్డ ఇప్పుడు ఎక్కడా ఒక్క మడత లేకుండా, గుడి కప్పులా వంగి, లోపల ఎండ నింపుకుని ఉంది. తాను మోకాళ్ళ మీద పాకినదంతా ఇంత ఎత్తా అని చూసింది. టోపీ వెనక్కి పడిపోయినా తెలియలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆ పై మూల కుట్టు వంకరపోయింది" అంది గట్టిగా, ఎవరితోనో.

సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఒక గొంతు వినబడింది. ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. మెత్తగా, తేనెలో ముంచినట్టుంది.

"రా నా బంగారం... అదీ... నెమ్మదిగా... ఎంత అందంగా నడుస్తావే నువ్వు... రా నా చిలకా... కొంచెం ఇటు వాలు, నేనున్నాగా..."

ఆర్మిండా గిరుక్కున తిరిగింది. డెల్మస్ చక్రం మీదకి వంగి, కళ్ళు సగం మూసుకుని, ముందున్న చాపవైపు చూస్తూ, అన్నీ మరిచిపోయి పడవతో మాట్లాడుతున్నాడు. ఇంట్లో "ఉప్పేది?", "చొక్కా ఏది?", "వర్షం వస్తుంది" తప్ప నాలుగో మాట ఎరగని మనిషి. పెళ్ళినాడు పాదిరి అడిగినప్పుడు కూడా "ఊఁ" అన్న మనిషి.

"ఇంకొంచెం వాలవే నా రాణీ" అన్నాడు డెల్మస్.

"నడుం నొప్పి" అంది ఆర్మిండా.

ముందు గొడుగు ఆవిడ పకపకా నవ్వింది. ఆపైన అందరూ. ఓర్విస్ తాడు వదిలేసి డెక్కు మీద కూలబడ్డాడు. డెల్మస్ మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల మీదుగా టోపీలోకి వెళ్ళిపోయింది.

"నీతో కాదు" అన్నాడు గొణుగుతూ.

"తెలుసు. నాతోనైతే చిలక ఎక్కడిది!"

డెల్మస్ నోటికి తాళం పడింది. పెదవులు బిగించి చక్రం తిప్పాడు. ఏమైందో ఏమో గాని, ఎఫీ పెర్ల్ ముక్కు పక్కకి తిరిగింది. చాప అంచు రెపరెపలాడింది. అత్తగారి పేరు ఊరికే పెట్టలేదు. బర్ల్ పడవ నింపాదిగా పక్కకొచ్చి, నింపాదిగా దాటడం మొదలుపెట్టింది. బర్ల్ వెనక్కి తిరిగి మరీ టోపీ ఊపాడు.

"కెప్టెన్, మాట్లాడండి" ఓర్విస్ బతిమాలాడు.

"ఏం మాట్లాడను?"

"రోజూ మాట్లాడేదే. మాట్లాడకపోతే ఇది కదలదని మీకూ తెలుసు, నాకూ తెలుసు."

"గొంతు బాలేదు."

"పొద్దున నన్ను తిట్టినప్పుడు బాగానే ఉందిగా!"

డెల్మస్ బర్ల్ టోపీ వైపు చూశాడు. ఆర్మిండా వైపు చూశాడు. ఒక పక్క పరువు, ఇంకో పక్కా పరువే. ఎటు వాలాలో తెలియక చెమటలు కక్కుతున్నాడు. ఆర్మిండా ఆ ముఖం చూసింది. సవతి మీద ఎంత కోపమున్నా బర్ల్ ముందు ఇంటి పరువు పోవడం ఆమెకీ ఇష్టం లేదు. ఏడాదంతా ఈయన అంగట్లో నిలబడి వచ్చి, ఇంట్లో ఆ నస తన నెత్తిన పోస్తాడు.

"నేను వినను. మాట్లాడు" అంది. వెనక్కి తిరిగి కూర్చుని, రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"నిజంగా వినవు కదా?"

"వినను."

"విన్నావుగా ఇప్పుడు!"

"కెప్టెన్!" ఓర్విస్ ఏడుపు గొంతుతో అరిచాడు.

డెల్మస్ గొంతు సవరించుకున్నాడు. మొదట సిగ్గుపడుతూ, తర్వాత మెల్లగా, తర్వాత తన ధోరణిలో పడిపోయి, ఎఫీ పెర్ల్‌కి చెప్పవలసినవన్నీ చెప్పాడు. నీలాంటిది ఈ నీళ్ళ మీద లేదన్నాడు. ముసలిదానివైనా నడకలో కుర్రతనం పోలేదన్నాడు. నిన్ను వదిలి నేనెక్కడికి పోతానే పిచ్చిదానా అన్నాడు. పడవ ముక్కు సర్దుకుంది. చాప బిగిసింది. పక్కలకి నీళ్ళు గలగలమన్నాయి. ఆర్మిండా వేళ్ళ మధ్య చిన్న సందు ఉంది. ప్రతి మాటకీ ఆమె మెడ కాస్త కాస్త ఎర్రబడడం ఓర్విస్ చూశాడు గాని, పందెం అయ్యేదాకా నోరెత్తలేదు.

ఎఫీ పెర్ల్ ఐదోది వచ్చింది. బర్ల్ ఆరోవాడు. డెల్మస్‌కి ముందున్న నలుగురూ కంటికి కనబడలేదు.

సాయంత్రం అగ్నిమాపక సంఘం షెడ్డులో అందరికీ భోజనాలు. వేయించిన కోడి, మొక్కజొన్న, పొరల కేకు. మాట అప్పటికే ఊరంతా పాకిపోయింది. బర్ల్ పళ్ళెం పట్టుకుని వచ్చి, బంగాళాదుంపల గిన్నె ముందు వంగి, "కొంచెం ఇటు వాలవే నా రాణీ, అందడం లేదు" అన్నాడు తేనెగొంతుతో. షెడ్డు రేకులు ఎగిరిపోయేలా నవ్వారు. బర్ల్ ముందు ఏడాదంతా కుర్చీలో కూర్చునే హక్కు సంపాదించిన డెల్మస్, ఆ రోజు భోజనం నిలబడే, గోడవైపు తిరిగి తిన్నాడు.

ఇంటికొచ్చి ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. వెలుగు ఇంకా పూర్తిగా పోలేదు. రేవులో ఎఫీ పెర్ల్ చాపలు దించుకుని ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది.

"అందుకేనా నన్ను ఎక్కనివ్వలేదు?" అంది ఆర్మిండా.

"గాలి పడిపోతుందని" అన్నాడు డెల్మస్.

"డెల్మస్."

"...కొంత గాలికి. కొంత ఇందుకు."

"ఇన్నేళ్ళు. దానికి చిలకా, రాణీ. నాకు ఉప్పేది."

డెల్మస్ టోపీ తీసి, దాని లోపలికి చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఏదో ఆలోచించుకుంటున్నట్టుంది. అబద్ధం వెతుక్కుంటున్నాడేమో అనుకుంది గాని, ఆయన ముఖం అలా లేదు.

"అది ఆగిపోతుంది ఆర్మిండా" అన్నాడు చివరికి. "గాలి తగ్గితే ఆగిపోతుంది, ఎండితే సందులు విడుస్తుంది, తడిస్తే మొరాయిస్తుంది. ఆగిపోయేదాన్ని బతిమాలుకోవాలి. నువ్వు ఒక్కరోజైనా ఆగావా? నేను లేచేసరికి పొయ్యి మండుతుంది, చాప కుట్టి ఉంటుంది. నిన్ను బతిమాలాల్సిన పని నాకెప్పుడు పడింది?"

ఆర్మిండాకి కోప్పడాలో సంతోషించాలో తెలియలేదు. రెండింటికీ సరిపడా ఉంది ఆ మాటలో. లేచి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున డెల్మస్ కిందికి దిగేసరికి ఇల్లు చల్లగా ఉంది. కాఫీ వాసన లేదు. పెనం మేకుకే వేలాడుతోంది. వంటింటి మధ్యలో కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కిటికీవైపు చూస్తూ కూర్చుని ఉంది ఆర్మిండా. కొంపదీసి ఒంట్లో బాగాలేదా అని ఆయన గబగబా దగ్గరికొచ్చాడు.

"ఏమైంది? పొయ్యి వెలిగించలేదేం?"

"గాలి లేదు" అంది.

"ఏంటీ?"

"ఆగిపోయాను."

డెల్మస్‌కి ఆకలేస్తోంది. పెనం తానే దించుకుందామా అని ఒక చూపు చూశాడు గాని, అది ఏ చివర పట్టుకోవాలో ఆయనకి తెలియదు. వెళ్ళి ముందుతలుపు తీసి వీధి అటూ ఇటూ చూశాడు. బర్ల్ బండి లేదు. అయినా నమ్మకం చాలక తలుపు గడియ పెట్టాడు, కిటికీ కిందికి దించాడు. కుర్చీ వెనక్కి వచ్చి నిలబడి, దాని వీపు కొయ్యని రెండు చేతులతో చక్రం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

గొంతు సవరించుకున్నాడు.

"రా..." అన్నాడు.

ఆర్మిండా కదల్లేదు. చెవులు మాత్రం ఈసారి మూసుకోలేదు.